ముందు గోడ, తరవాత డ్రిల్లు

కొత్త ఇంట్లోకి మారిన వారం రోజులకు అందరికీ ఒకే పని మొదలవుతుంది. గడియారం తగిలించాలి, దేవుడి పటాలు పెట్టాలి, కర్టెన్ రాడ్లు బిగించాలి. వడ్రంగిని పిలిస్తే నాలుగు బెజ్జాల కోసం రావడానికి తీరిక లేదంటాడు. అతన్ని తప్పు పట్టలేం. పని పావుగంట, రానూపోనూ గంటన్నర. అందుకే ఆన్‌లైన్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలోనో సొంతంగా డ్రిల్లు కొనుక్కుంటున్నారు. కొన్న సాయంత్రమే ఉత్సాహంగా గోడకు ఆనించి మీట నొక్కుతారు. బిట్టు గిర్రున తిరుగుతుంది, బెజ్జం మాత్రం దిగదు. పెయింటు ఊడి గోడమీద బొట్టుబిళ్ళంత గుంట పడుతుంది. బిట్టు మొన నల్లబడి కమురు వాసన వస్తుంది. మెషిన్ బాగాలేదనుకుని వాపసు పంపేస్తారు.

నా మొదటి డ్రిల్లు గురించి నేనూ అలాగే అనుకున్నాను. మా వీధి వడ్రంగి వచ్చి మెషిన్ వంక చూడనే లేదు. గోడను వేలి కణుపులతో రెండుచోట్ల తట్టి, "ఇది బీము సార్, జానెడు కిందికి రండి" అన్నాడు. జానెడు కిందికి వస్తే అదే డ్రిల్లు అరనిమిషంలో దిగిపోయింది. పవర్ టూల్స్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్ళకు నేను చెప్పగలిగిన మొదటి మాట ఆయన దగ్గర నేర్చుకున్నదే: యంత్రం కొనేముందు దాని ఎదుట నిలిచే గోడను తెలుసుకోవాలి.

మిక్సీకి తోబుట్టువు

డ్రిల్లు లోపల ఉండేది వంటింటి మిక్సీలో ఉండే రకం మోటారే. దీన్ని యూనివర్సల్ మోటార్ అంటారు. చిన్నగా ఉంటుంది, చాలా వేగంగా తిరుగుతుంది, కార్బన్ బ్రష్‌ల ద్వారా కరెంటు అందుకుంటుంది. మిక్సీ వేడెక్కినప్పుడు వచ్చే వాసన డ్రిల్లులోనూ వచ్చేది అందుకే. డ్రిల్లులో అదనంగా ఉండేవి పళ్లచక్రాలు. అవి మోటారు వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని పెంచుతాయి. ఇళ్లలో వాడే 600 వాట్ల డ్రిల్లు 230 వోల్టుల దగ్గర సుమారు 2.6 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి మామూలు సాకెట్ సరిపోతుంది. గంటసేపు ఆపకుండా నడిపినా ఖర్చయ్యేది 0.6 యూనిట్.

ఈ యంత్రం వయసు నూట ముప్ఫై ఏళ్ళు దాటింది. కరెంటుతో నడిచే డ్రిల్లుకు 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ పేటెంట్ తీసుకున్నారు. 1895లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఫైన్ సోదరులు చేత్తో మోయగలిగే డ్రిల్లు చేశారు. పిస్తోలులా పట్టుకుని వేలితో మీట నొక్కే రూపానికి 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్‌కు పేటెంట్ వచ్చింది. ఈరోజు మనం కొనే డ్రిల్లుకూ అదే ఆకారం. కరెంటు డ్రిల్లు రాకముందు మన వడ్రంగులు బరమాకు తాడు చుట్టి, కమానుతో అటూ ఇటూ లాగి చెక్కకు బెజ్జం వేసేవారు. తిప్పే పని మోటారు తీసుకుంది. ఎక్కడ, ఎంత లోతు, ఎంత ఒత్తిడి అన్నది ఇప్పటికీ చేతిదే.

పొడి రంగు చెప్పే కబురు

గోడ రకం తెలుసుకోవడానికి బెజ్జం నుంచి రాలే పొడిని చూడాలి. ముందుగా వచ్చేది ప్లాస్టరింగ్ సిమెంటు పొడి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. తర్వాత ఎర్రపొడి వస్తే అది కాల్చిన ఇటుక. ఇంపాక్ట్ డ్రిల్లుతో హాయిగా పని జరుగుతుంది. బూడిదరంగు పొడి వస్తూ బిట్టు సులువుగా దిగుతుంటే సిమెంటు ఇటుకో, ఫ్లై యాష్ ఇటుకో అయి ఉంటుంది. బూడిదరంగు పొడి కాస్త కాస్త రాలుతూ బిట్టు మొండికేస్తే కాంక్రీటు. తెల్లటి పొడి వస్తూ బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోతే ఏఏసీ బ్లాకు, అంటే గాలి బుడగలతో నిండిన తేలిక ఇటుక.

పాత ఇళ్లలో కాంక్రీటు పిల్లర్లకు, బీములకు, శ్లాబుకే పరిమితం. హైదరాబాద్ చుట్టుపక్కల ఇప్పుడు కడుతున్న చాలా ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో అల్యూమినియం అచ్చులు బిగించి గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు. మివాన్ గోడలని పిలిచేది వీటినే. పాత ఇంట్లో పదేళ్ళు బాగా పనిచేసిన డ్రిల్లు ఇలాంటి ఫ్లాటులో ఓడిపోవడానికి కారణం ఇదే.

ఇంపాక్ట్ డ్రిల్లుకు, రోటరీ హ్యామర్‌కు తేడా ఇక్కడ తెలియాలి. ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్ళలు ఒకదానిమీద ఒకటి జారుతూ బిట్టును ముందుకీ వెనక్కీ ఆడిస్తాయి. దెబ్బలు నిమిషానికి వేలకు వేలు పడతాయి గానీ ఒక్కొక్కటీ తేలిక. వెనకనుంచి మనం ఎంత నెడితే అంత బలం. రోటరీ హ్యామర్‌లో మోటారు ఒక పిస్టన్‌ను ఆడిస్తుంది. సైకిల్ పంపులో లాగా గాలి నొక్కుకుని, లోపలి ఇనుపముక్కను బిట్టు వెనక బలంగా కొడుతుంది. దెబ్బల సంఖ్య తక్కువే అయినా ఒక్కొక్కటీ రోకటి పోటులా పడుతుంది. మనం నెట్టక్కర్లేదు, తిన్నగా పట్టుకుంటే చాలు. కాంక్రీటుకు కావలసింది ఇదే. ఇంట్లో ఏడాదికి పది బెజ్జాలకు మించి అవసరం లేకపోతే దీన్ని కొనక్కర్లేదు. చాలా ఊళ్ళలో రోజు అద్దెకు దొరుకుతుంది.

ఏఏసీ గోడకైతే కాంక్రీటుకు చేసినదానికి పూర్తిగా విరుద్ధంగా చేయాలి. సుత్తి గుర్తు మీదున్న మీటను బిట్టు గుర్తు వైపు తిప్పి, దెబ్బ లేకుండా తిప్పుడుతోనే బెజ్జం వేయాలి. దెబ్బ తగిలితే బెజ్జం అంచులు చితికి వదులైపోతాయి. కాంక్రీటులో బిట్టు హఠాత్తుగా ఆగి లోహం రాసుకుంటున్న చప్పుడు వస్తే ఇనుప కడ్డీ తగిలినట్టే. బలవంతం చేయకుండా రెండంగుళాలు పక్కకు జరగాలి.

అల్మరా ఎందుకు ఊడుతుంది

బెజ్జంలో పెట్టే ప్లాస్టిక్ ముక్కను దుకాణాల్లో గిట్టీ అని, రాల్ ప్లగ్ అని అడుగుతారు. రెండో పేరు జాన్ రాలింగ్స్ అనే ఆంగ్లేయుడి నుంచి వచ్చింది. బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడవకుండా కరెంటు సామాన్లు బిగించడానికి ఆయన 1911లో జనపనారతో దీన్ని చేశాడు. ఇప్పటి నైలాన్ ప్లగ్ 1958లో జర్మనీకి చెందిన ఆర్టుర్ ఫిషర్ తెచ్చింది. స్క్రూ లోపలికి వెళ్ళేకొద్దీ ప్లగ్ ఉబ్బి బెజ్జం గోడలను ఒత్తుతుంది. ఆ ఒరిపిడే బరువును మోస్తుంది. అందుకే 6 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 6 మిల్లీమీటర్ల బిట్టే వాడాలి. బెజ్జంలో పొడి ఉంటే ప్లగ్ జారుతుంది కాబట్టి చిన్న పంపుతో ఊదేయాలి. స్క్రూ మరీ సన్నదైతే ప్లగ్ ఉబ్బనే ఉబ్బదు.

చాలామంది మరిచేది ప్లాస్టరింగ్ మందం. అది 12 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. అంగుళం పొడవున్న ప్లగ్ పెడితే సుమారు సగమో, అంతకన్నా ఎక్కువో ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోతుంది. కాస్త బరువు పడగానే పెచ్చుతో సహా ఊడివస్తుంది. బరువు మోయాల్సిన చోట ప్లగ్ ప్లాస్టరింగ్ దాటి ఇటుకలో కూర్చోవాలి. 50 మిల్లీమీటర్ల పొడవున్నది ఎంచుకుని, బెజ్జం అంతకన్నా కొంచెం లోతుగా వేయాలి. బిట్టుకు ఆ లోతు దగ్గర రంగు టేపు చుడితే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ఇంకో చిన్న లెక్క. గోడనుంచి 30 సెంటీమీటర్లు ముందుకు వచ్చిన అల్మరా చెక్క మీద 10 కిలోల పుస్తకాలు పెట్టామనుకుందాం. బరువు గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. బ్రాకెట్ గోడకు ఆనే కాలు 20 సెంటీమీటర్లు ఉంటే పై స్క్రూను బయటికి లాగే బలం సుమారు 7.5 కిలోలు. అదే కాలు 10 సెంటీమీటర్లే ఉంటే లాగుడు 15 కిలోలకు పెరుగుతుంది. పుస్తకాలవే, చెక్క అదే, బ్రాకెట్ కురచైనందుకు స్క్రూ మీద భారం రెట్టింపయింది. పొడవు కాలున్న బ్రాకెట్ కొంటే డ్రిల్లు మార్చక్కర్లేదు.

గంటకు 207 కిలోమీటర్లు

డ్రిల్లు చేతికి అలవాటయ్యాక చాలామంది కన్ను యాంగిల్ గ్రైండర్ మీద పడుతుంది. దాన్ని తీసుకునేముందు ఒక లెక్క చూడాలి. నాలుగంగుళాల డిస్కు చుట్టుకొలత సుమారు 31.4 సెంటీమీటర్లు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 57 మీటర్లకు పైగా, అంటే గంటకు సుమారు 207 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ వేగంలో డిస్కు పగిలితే ముక్క కంటికి తగలడానికి రెప్పపాటు కూడా పట్టదు. అడ్డంగా ఉంటుందని గార్డు ఊడదీసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. అది ప్రాణానికే ముప్పు. కొయ్య కోసే పళ్లబ్లేడును గ్రైండర్‌కు తగిలించడం ఇంకా ప్రమాదం. పళ్ళు చెక్కలో ఇరుక్కుంటే యంత్రం చేతుల్లోంచి వెనక్కి ఎగురుతుంది. డిస్కు మీద రాసిన గరిష్ఠ వేగం యంత్రం వేగం కన్నా ఎక్కువ ఉండాలి. మధ్య రింగు మీద గడువు తేదీ ఉంటుంది, దాటితే పక్కన పడేయాలి.

డ్రిల్లుకూ క్రమశిక్షణ కావాలి. చీర కొంగు, చున్నీ, మెడలో తువ్వాలు, వదులు చేతులు, విరబోసిన జుట్టు, గుడ్డ గ్లౌజులు తిరిగే బిట్టుకు చుట్టుకుంటాయి. కళ్ళద్దాలు తప్పనిసరి. కాంక్రీటు పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. అందుకే మంచి మాస్కు పెట్టుకోవాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద గోడలో వైర్ల గొట్టం ఉంటుందనీ, కుళాయి పైన, కింద నీళ్ళ పైపు ఉంటుందనీ అనుకుని, ఆ వరసలో బెజ్జం వేయకూడదు. ఇంట్లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఈ ఉత్సాహంలోనే ఒకసారి చూసుకోవడం మంచిది.

ముందు ఏది కొనాలి

వేగం మార్చుకునే వీలు, వెనక్కి తిరిగే మీట ఉన్న 13 మిల్లీమీటర్ల ఇంపాక్ట్ డ్రిల్లు మొదటిది. దానితోపాటు టేపు, రసమట్టం, మూలమట్టం. ఈ మూడింటి ఖరీదు తక్కువే, పనితనమంతా వాటిలోనే కనిపిస్తుంది. బిట్లు విడిగా మంచివి కొనాలి. గోడకు కార్బైడ్ మొన ఉన్నవి, ఇనుముకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) రకం, చెక్కకు మధ్యలో సూదిమొన ఉన్నవి. స్క్రూలు బిగించే పనులు ఎక్కువైతే అప్పుడు బ్యాటరీ డ్రిల్లు. అక్కడ 18 వోల్టులదీ 20 వోల్టులదీ చూసి తికమకపడక్కర్లేదు. రెండింటిలోనూ 3.6 వోల్టుల సెల్సు ఐదు వరసగా ఉంటాయి. కలిపితే 18. నిండా చార్జ్ అయినప్పుడు ఒక్కొక్కటి సుమారు 4 వోల్టులు చూపిస్తుంది కాబట్టి కొందరు 20 అని రాస్తారు.

నేర్చుకోవడానికి మంచి చోటు హాలు గోడ కాదు. ఇల్లు కట్టేచోట మిగిలిన ఎర్ర ఇటుక ఒకటి, సిమెంటు ఇటుక ఒకటి, ఏఏసీ ముక్క ఒకటి తెచ్చుకుని పెరట్లోనో బాల్కనీలోనో వాటికి బెజ్జాలు వేయండి. ప్లగ్ బిగించి, పట్టకారుతో లాగి చూడండి. ఎంత లాగితే ఊడుతుందో చేతికి తెలిశాక, ఏ స్క్రూను నమ్మాలో తెలుస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడొక చిన్న నోటుబుక్కు ఉంది. ఒక్కో పేజీకి ఒక్కో గోడ. బెజ్జం ఎక్కడ వేశామో, ఎంత లోతున ఏ రంగు పొడి రాలిందో, ఎక్కడ కడ్డీ తగిలిందో రాసి పెట్టుకున్నాం. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇంకా సులువు. ప్లాస్టరింగ్ చేయకముందే గోడకు టేపు ఆనించి, వైర్ల గొట్టాలు, పైపులు కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోవచ్చు. వచ్చే దీపావళికి గుమ్మం పక్కన దీపాల అర బిగించాలని మా అమ్మాయి మొన్న ఆ పుస్తకం తీసింది. తను ముందు వెతికింది డ్రిల్లు పెట్టెను కాదు, గుమ్మం గోడ పేజీని.