బుద్ధి నేర్చుకోవలసింది ఎవరు?

పిల్లలకు బుద్ధులు నేర్పడం గురించి మనం ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. మరి పెద్దవాళ్ళకో? వందేళ్ళు దాటిన కొన్ని నవలలు ఈ ప్రశ్నే అడిగాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో, 1854లో, చార్లెస్ డికెన్స్ 'హార్డ్ టైమ్స్' రాశారు. అందులో గ్రాడ్‌గ్రైండ్ అనే తండ్రికి లెక్కలూ వాస్తవాలూ తప్ప కథలూ, ఊహలూ గిట్టవు. పిల్లలు సర్కసు డేరాలోకి తొంగిచూసినా తప్పే! తీరా కొడుకు తాను పనిచేసే బ్యాంకులోనే దొంగతనం చేస్తాడు. కూతురేమో మనసొప్పని పెళ్ళి చేసుకుని, భరించలేక పుట్టింటికి వచ్చి తండ్రినే నిలదీస్తుంది. అప్పుడు తెలిసొస్తుంది ఆయనకు.

ఇక మన గోదావరి గట్టుకు వద్దాం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. నాలుగేళ్ళకు తమ 'వివేకవర్ధని' పత్రికలో 'రాజశేఖర చరిత్రము' మొదలుపెట్టారు. 1880లో అది పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దీనికి ప్రేరణ. అయితే అక్కడి మతగురువు ఇక్కడ ధవళేశ్వరం బ్రాహ్మణుడయ్యాడు.

రాజశేఖరుడుగారు మంచివారే. కాని పొగిడినవాళ్ళందరినీ నమ్ముతారు. బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి ఇంట్లో ఉన్న బంగారమే పోగొట్టుకుంటారు. డబ్బు పోగానే వీధి అరుగు మీద చేరే స్నేహితులూ మాయం! ఇంటిల్లిపాదీ కాశీకి బయలుదేరవలసి వచ్చింది. ఆ పైన పెద్దాపురంలో చెర కూడా తప్పలేదు. నన్నడిగితే, ఆ ఇంట్లో పిల్లలు పుస్తకాల్లో ఏం చదివినా, రోజూ కళ్ళారా చూసిన పాఠం మాత్రం ఇదే.

గోల్డ్‌స్మిత్ కథలో పెద్దకూతురు ఒక భూస్వామి మాయమాటలకు లొంగి వెళ్ళిపోతుంది. మన రుక్మిణి కథ వేరు. దారిలో దొంగలు పడ్డప్పుడు ఆమె చచ్చిపోయిందనుకుని అయినవాళ్ళే వదిలి వెళ్ళారు. ఆమె మగవేషం వేసుకుని, ఊరుకాని ఊళ్ళో తన బతుకు తాను చూసుకుంది. ఏమాటకామాట చెప్పాలి, తండ్రికంటే ఆమెకే తెలివి ఎక్కువ!

ఈ నవలను హచిన్సన్ అనే ఆయన ఇంగ్లీషులోకి మార్చగా, 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో 1887లో లండనులో అచ్చయింది. అంటే విక్టోరియా రాణి ఉండగానే మన ధవళేశ్వరం తండ్రిగారి సంగతి ఆవిడ ఊరికీ చేరిందన్నమాట.