ఒడలు చేసిన యిల్లాలు

ఒడలు చేసిన యిల్లాలిని జూచి ‘కలిగిన యింటి కోడలు’ అని మెచ్చుకొనుట మనలో చిరకాలముగా నున్నది. కాని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమునందలి 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలను తూచి, ఎత్తు గొలిచి చూడగా నూటికి 36 మంది యధిక భారము గలవారని తేలినది. 2015-16లో వారు 33 మంది. అదే సర్వేలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత! కొవ్వు పెరుగుచున్నది, రక్తము చాలకున్నది. కావున దీనిని తిండిపోతుతనమని నిందించుట తగదు. తెల్లని వరియన్నము రాశిగా నుండి, పప్పు, ఆకుకూరలు కొఱవడిన విస్తరిలో నీ రెండు లోపములును గలవు. అందఱ కడపట భుజించు నిల్లాలికి మిగులునది అన్నము, చారే గదా!

ఆ సర్వేవారు నడుమును, పిఱుదులను గూడ గొలిచిరి. ఉదరమున జేరిన కొవ్వు మధుమేహమునకు దారి. కొలిచిన పిదప నేమి చేయవలెను? కేరళమువారు 2016లో పిజ్జా, బర్గర్లపై నూటికి 14.5 చొప్పున పన్ను వేసిరి. మరుసటి యేట జి.ఎస్.టి. వచ్చి దానిని మ్రింగివేసెను. కొవ్వు, ఉప్పు, చక్కెర మెండుగా గల తినుబండారములను బడికి 50 మీటర్లలోపల నమ్మరాదని 2020లో కేంద్రమువారు నియమము చేసిరి. బిడ్డలకది మేలే. తల్లులకు మాత్రము, చౌకధరల దుకాణమున బియ్యముతోబాటు ఏ నెలయు దప్పక కందిపప్పు నందించుట ముందు జరుగవలెనని మేము కోరుచున్నాము.