గుండ్లకమ్మలో దిగని దొరగారు

నరసరావుపేట, వినుకొండ ప్రాంతపు బాప్తిస్టు సంఘములలో వార్షికోత్సవము జరిగితే ఒంగోలు క్లౌ దొరగారిని తలచుకొనక మానము. ఈ రెండు మిషను స్టేషనులు 1883లో ఒంగోలు ఫీల్డు నుండి విడదీయబడినవే గదా! ఆ తల్లి సంఘము కథ మన పిల్లలకు తెలియవలెను.

1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. జవాబు పన్నెండేళ్ళకు వచ్చింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌగారు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘము స్థాపించారు.

అప్పుడే చిక్కు వచ్చి పడింది. దొరగారి బడిలో బ్రాహ్మణుల పిల్లలు చదువుతున్నారు. మరోవైపు తోళ్ళ వ్యాపారము చేసుకొనే ఎర్రగుంట్ల పేరయ్యగారు రక్షణ పొంది, పడమటి పల్లెలలోని తన మాదిగ బంధువులను ప్రభువు దగ్గరకు నడిపిస్తున్నారు. వారిని చేర్చుకొంటే మేము రామని పెద్ద కులాల వారు కచ్చితముగా చెప్పారు. దొరగారు, దొరసానిగారు వేర్వేరు గదులలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయమే, ఒకే భాగమే కనబడినదట. పేరయ్యగారి వారిని చేర్చుకొన్నారు. బడి ఖాళీ అయింది.

తరువాత 1876-78 కరవు. క్లౌగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్న వారికి కూలి ఇప్పించారు. బోధకులే మేస్త్రీలు. పని ఆగిన వేళ వారే సువార్త చెప్పేవారు. అనేకులు బాప్తిస్మము అడిగారు. గంజి కోసము వచ్చారనే మాట రాకూడదని దొరగారు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. ఇది తేలిక కాదు. రిజిస్టరులో నాలుగు పేర్లు పెరిగితే మురిసిపోయే పాస్టర్లము మేమూ ఉన్నాము!

కరవు సహాయము ముగిసిన తరువాత, 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర జనము కూడారు. మన వినుకొండ వైపు నుండి పారే గుండ్లకమ్మే అక్కడా పారుతుంది. 2వ తేదీన 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో 3,536 మంది బాప్తిస్మము పొందారు. 2,222 అనే అంకె మన వారందరికీ కంఠతా వచ్చు. ఇచ్చిన వారెవరని అడిగితే మాత్రము చాలమంది క్లౌగారి పేరే చెపుతారు.

ఆ రోజున దొరగారు ఒక్కరికైనా ఇవ్వలేదు. అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలిచారు. ఉదయము మొదలుపెట్టి, మధ్యాహ్నము కొంచెము ఆగి, సాయంత్రము వరకు ఇచ్చారు. వచ్చిన వారిని పరీక్షించి, వీరు ఫలానా పల్లెవారు, వీరి విశ్వాసము మాకు తెలుసునని సాక్ష్యమిచ్చినదీ పల్లె బోధకులే.

క్లౌగారు 1910లో అమెరికాలోని రాచెస్టరులో ప్రభువునందు నిద్రించారు. ఈసారి వార్షికోత్సవములో ఆయన పటము పెట్టినప్పుడు, ప్రక్కన పేరయ్యగారికీ ఆ ఆరుగురికీ కొంచెము చోటు ఉంచుదాము.