ఉపగ్రహ పటమును స్థలనామమును

దేశమును తెలిసికొనుటకు పూర్వులకు రెండు మార్గములుండెడివి. స్వయముగా పోయి కన్నులార చూచివచ్చుట యొకటి. పోయివచ్చినవారు చెప్పగా వినుట, వ్రాయగా చదువుట రెండవది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, కాశీ, గయ మున్నగు క్షేత్రములను సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరెను. ఆ పదునైదు నెలల ప్రయాణమున ఆయన చూచిన ఊళ్ళు, ఏరులు, బాటలు, సత్రములు ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చుపడినవి. ఆయన నెలలకొలది ప్రయాణించిన ఆ దారినే నేడొక విద్యార్థి తన గదిలో కూర్చుండి, కంప్యూటరు తెరమీద, గడియసేపటిలో పైనుండి చూడగలుగుచున్నాడు. ఉపగ్రహములు తీసిన చిత్రములను భూగోళముపై అమర్చి చూపు సాధనములు దేశపరిచయమునకు మూడవ మార్గమైనవి. ఈ మార్గము చూపునదేది, చూపజాలనిదేది, భాషాసాహిత్యముల నభ్యసించువారికి ఇందు చేయదగిన పని యేమి అనునవి విచారింపదగిన విషయములు.

ఈ సాధనములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది గూగుల్ ఎర్త్. అమెరికాదేశమున కీహోల్ అను సంస్థ 2001లో దీని మూలరూపమును వెలువరించెను. 2004లో గూగుల్ సంస్థ ఆ సంస్థను కొని, 2005 జూనులో ఈ సాధనమును ప్రస్తుతనామముతో ప్రజలకు అందించెను. భారతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ 2009 ఆగస్టులో ‘భువన్’ అను పేర అట్టి సాధనమునే స్వదేశీయ ఉపగ్రహముల చిత్రములతో ప్రారంభించినది. దానిని నిర్వహించు జాతీయ దూరసంవేదన కేంద్రము హైదరాబాదుననే కలదు.

తెరమీద కనబడు భూగోళము ఒక్కమారు తీసిన చిత్రము కాదు. ఉపగ్రహము ధ్రువమునుండి ధ్రువమునకు పరిభ్రమించుచుండగా, భూమి తన అక్షముపై తిరుగుచుండును. కావున ప్రతి ప్రదక్షిణమునందును భూతలమున వేరొక పట్టీ దాని కంటబడును. మేఘములు లేని దినముల చిత్రములను ఏరి, పట్టీకి పట్టీ అతికి, ఆ మొత్తమును చిన్న చిన్న చదరపు పలకలుగా విభజింతురు. ఒక్కొక్క ప్రదేశమునకు దూరపు చూపునకు కొన్ని, దగ్గరి చూపునకు కొన్ని పలకలు సిద్ధమై యుండును. చూచువాడు క్రిందికి దిగినకొలది ఆ చోటికి వలయు పలకలు మాత్రమే తెరమీదికి వచ్చును. అందువలననే ఇంత పెద్ద భూగోళము ఇంత చిన్న యంత్రమున ఇమిడినట్లు తోచును. కొండల యెత్తులు వేరొక మార్గమున లభించినవి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అను వ్యోమనౌక పదునొకండు దినములు రాడారుతో భూమి మిట్టపల్లములను కొలిచెను. అట్టి కొలతలపై చిత్రమును వస్త్రమువలె పరచినందున కొండ కొండగా, లోయ లోయగా కనబడును.

చిత్రముల సూక్ష్మత అంతటను సమానము కాదు. 1972లో మొదటిది ఎగిరిన లాండ్‌శాట్ వర్గపు ఉపగ్రహములలో నేడు పనిచేయుచున్నవాని చిత్రమున ఒక బిందువు నేలమీద సుమారు 30 మీటర్ల చదరము. అందు చెరువు కనబడును గాని ఇల్లు కనబడదు. 2005లో భారతదేశము ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రమున బిందువు రెండున్నర మీటర్లు. అందు ఇండ్ల వరుసలును, వీధులును తెలియును. అంతకన్న సూక్ష్మమైన చిత్రములు నగరములకు విశేషముగా లభించును.

ఈ సాధనమును గూర్చి రెండు అపోహలు లోకమున వ్యాపించియున్నవి. తెరమీద కనబడునది ఆ క్షణమున జరుగుచున్నదే యని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఆ చిత్రము నెలల క్రిందటిదో ఏండ్ల క్రిందటిదో అయియుండును. ఒకే తెరమీద ఒక ప్రక్క పచ్చని వరిచేలును, దాని నంటి రెండవ ప్రక్క కోసిన మళ్ళును కనబడుట కలదు. అవి రెండు ఋతువుల చిత్రములు. పటములన్నియు భూమిని ఉన్నదున్నట్లు చూపుననుట రెండవ అపోహ. 1569లో మెర్కేటర్ కల్పించిన పద్ధతిలో గోళమును సమతలముపై పరచినపుడు, ధ్రువములకు దగ్గరనున్న దేశములు విపరీతముగా పెరుగును. గ్రీన్లాండు ఆఫ్రికా ఖండమంత కనబడును; నిజమునకు ఆఫ్రికా దానికి పదునాలుగు రెట్లు. దారి చూపు పటములు నేటికిని చాలవరకు ఈ పద్ధతినే అనుసరించుచున్నవి. గోళాకృతిని చూపు సాధనమున ఈ దోషము లేదు.

చూపు ఎంత శక్తిమంతమో తెలుపుటకు సరూ బ్రియర్లీ వృత్తాంతము చాలును. 1986లో మధ్యప్రదేశమునకు చెందిన అయిదేండ్ల బాలుడొకడు అన్నతో బుర్హాన్‌పూర్ స్టేషనుకు వెళ్ళి, ఆగియున్న రైలుపెట్టె నెక్కి నిద్రించెను. రైలు అతనిని కలకత్తాకు చేర్చెను. ఊరిపేరు అడిగినవారికి అతడు ‘గినెస్ట్‌లే’ అని చెప్పెను. ఆ పేరిట ఊరు ఏ పటమునను లేదు. 1987లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు చెందిన దంపతులు అతనిని దత్తు చేసికొనిరి. పెద్దవాడైన పిదప అతడు రైలులో గడచిన కాలమును, ఆనాటి రైళ్ళ వేగమును లెక్కించి, కలకత్తా కేంద్రముగా ఒక వృత్తమును ఊహించుకొని, దాని లోపలి రైలుమార్గములను ఉపగ్రహ చిత్రములపై ఏండ్ల తరబడి వెదకెను. 2011లో బుర్హాన్‌పూర్ స్టేషను దగ్గరి నీళ్ళ ట్యాంకు అతని కంటబడెను. అచ్చటినుండి పట్టాలవెంట పోగా ఖండ్వా పట్టణమును, అందు తన పేటయు దొరకినవి. 2012లో స్వయముగా వెళ్ళి, సజీవురాలైయున్న తల్లిని కలిసికొనెను.

ఈ వృత్తాంతమును సాధనముయొక్క విజయముగా లోకము చెప్పుకొన్నది. భాషాశాస్త్రదృష్టితో చూచినవారికి ఇందు మరియొక విషయము గోచరించును. బాలుడు చెప్పిన పేరు అబద్ధము కాదు. అది ఖండ్వాలోని ‘గణేశ్ తలాయి’ అను పేట. ‘తలాయి’ యనగా చిన్న చెరువు. పసివాని నాలుకపై రెండు పదములు ఒకటియై, నడిమి అచ్చు లోపించి, పదముల విరుపు చెదరిపోయినది. అతని పేరును అట్టిదే. ‘శేరూ’ అన్నది ‘సరూ’ అయ్యెను. విన్నవారిలో ఒక్కరైనను ఆ ధ్వనులను విడదీసి చూచియున్న యెడల, ఇరువదియైదేండ్ల వెదకులాట తగ్గియుండెడిదేమో. పేరు విఫలమైనచోట రూపము దారి చూపినది. ఆ రూపమైనను బాలుని జ్ఞాపకమున నిలిచియుండుటచేతనే ఉపకరించినది.

ఇందుకు విపరీతమైన స్థితియు కలదు. నాగార్జునకొండ లోయను చిత్రమున చూచినవానికి విశాలమైన జలాశయమును, దాని నడుమ ఒక ద్వీపమును మాత్రమే కనబడును. ఇక్ష్వాకు రాజుల విజయపురి, విహారములు, చైత్యములు, యజ్ఞశాలలు ఆ నీటిక్రింద నున్నవి. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగుటకు ముందు వెనుకలుగా లోయలో త్రవ్వకములు సాగి 1960 వరకు నడచినవి. కొన్ని కట్టడములను కొండమీదికిని, అనుపునకును తరలించిరి. ఏ ఉపగ్రహమును ఇపుడు ఆ నగరమును చూపజాలదు. శాసనములును, గ్రంథములును, పేరును మాత్రమే దానిని నిలుపుచున్నవి. ఇచ్చట రూపము విఫలమైనది, పేరు మిగిలినది.

రూపమును పేరును కలిసినచోటనే పరిశోధనకు నిండైన ఫలము కలుగును. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు ఇందుకు చక్కని ఉదాహరణము. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించిన ఈ తటాకమును గూర్చి 1369 నాటి సంస్కృత శాసనము కలదు. మంచి తటాకమునకు వలయు పండ్రెండు అంగములను అది వివరించును. వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసిన సంగతిని చెప్పును. సహజమైన కొండలను తటాకపు కట్టలో భాగముగా చేసికొన్న నాటి నేర్పు నేలమీద నిలిచి చూచువానికి సులభముగా తెలియదు. పైనుండి చూచినపుడు కొండకును కొండకును నడుమ కలిపిన కట్టలు స్పష్టముగా కనబడి, శాసనవాక్యములకు వ్యాఖ్యానమగును. ఓరుగల్లు కోటయు నిట్టిదే. నడుమ తోరణములు, వాని చుట్టును రాతికోట, దానిచుట్టును మట్టికోట వలయములుగా నుండుట ఒక్క చూపున తెలియును. ఇక ‘సముద్రము’, ‘సాగరము’, ‘కుంట’ అను పదములతో ముగియు ఊరిపేర్లు తెలుగునాట విస్తారముగా కలవు. నేడు నీరు లేని ఊరికి అట్టి పేరుండినచో, చిత్రమున విల్లువలె వంగిన పాతకట్ట జాడ దొరకునేమో చూడవచ్చును. పేరు వెదకవలసిన చోటును చెప్పును. చిత్రము ఆ మాటను పరీక్షించును.

కాలక్రమమున నేల మారుటయు ఈ సాధనమువలన తెలియును. 1984 మొదలు లాండ్‌శాట్ చిత్రములను వరుసగా నడిపించి చూచినపుడు, కొల్లేటి సరస్సు చేపలచెరువుల చదరములుగా చీలిపోవుట కనులయెదుట జరిగినట్లుండును. 2006లో ప్రభుత్వము ఆ గట్లలో పెక్కింటిని తెగగొట్టించెను. ఆ మార్పును చిత్రములయందు తెలియుచున్నది. ఒకనాటి కవి వర్ణించిన జలాశయమును నేటి పాఠకుడు నేటి చిత్రముతో పోల్చి, కవిది అతిశయోక్తి యని తీర్మానించుట తగదనుటకు ఇదియొక హెచ్చరిక.

పటములపై వ్రాయబడు పేర్ల స్థితి మాత్రము విచారకరము. చిత్రమును ఉపగ్రహము తీయును గాని పేరును మనుష్యుడు వ్రాయవలెను. తెలుగు ఊరిపేరు ముందుగా రోమను లిపిలోనికి పోయి, అచ్చటినుండి యంత్రముచేత మరల తెలుగులోనికి వచ్చునప్పుడు చాల పోగొట్టుకొనును. ఆ లిపిలో సామాన్యముగా తకారటకారములకును, దకారడకారములకును, లకారళకారములకును భేదము లేదు. అచ్చుల హ్రస్వదీర్ఘములును తెలియవు. ‘కొత్త’ యను విశేషణమును, ‘కోట’ యను నామమును ఇంచుమించు ఒకే రూపమున వ్రాయబడుటచే, కొత్తగా వెలసిన పల్లె కోట గల పల్లెగా మారుటకు అవకాశము కలదు. ఇట్టి తప్పు దారిచూపు ఫలకములమీదికిని, అర్జీలలోనికిని, పాఠశాలల పుస్తకములలోనికిని ప్రాకినచో, కొంతకాలమునకు ఆ ఊరివారి పిల్లలే దానిని నిజమనుకొందురు. పేరుతోపాటు పేరు దాచియుంచిన చరిత్రయు తొలగిపోవును.

ఈ నష్టము దూరదేశములందలి తెలుగువారికి మరింత తీవ్రము. 1860 మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాలునకు ఓడలెక్కినవారిలో తెలుగువారు పెక్కుమంది. ఓడల పట్టికలలో వారి జిల్లా, ఠాణా, గ్రామము పేర్లను గుమాస్తాలు తమ చెవికి తోచినట్లు ఇంగ్లీషున వ్రాసికొనిరి. వారి సంతతివారిలో పూర్వుల ఊరిని వెదకువారికి ఆ వ్రాతయే ఆధారము. పటమున ఉన్న పేరును, పట్టికలో ఉన్న పేరును రెండును రెండు విధముల చెడియున్న యెడల, చిత్రమెంత సూక్ష్మమైనను వారికి ఆ ఊరు దొరకదు. ఖండ్వా బాలునికి నీళ్ళ ట్యాంకు జ్ఞాపకముండెను. వీరికట్టి జ్ఞాపకమును లేదు, పేరొక్కటియే కలదు.

నేలను కొలుచుటయు, పేరును సేకరించుటయు వేర్వేరు పనులు కావని రెండువందల ఏండ్ల క్రిందటనే ఒక సర్వేయరు గుర్తించెను. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమున భూమిని కొలిపించుచునే, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయమున గ్రామగ్రామమునుండి కైఫియత్తులను వ్రాయించెను. ఊరు ఎట్లు వెలసినది, చెరువును ఎవరు త్రవ్వించిరి, పేరెట్లు వచ్చినది అను విషయములు వానియందు కలవు. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలైన ఆయన చేతిలో గొలుసును, గంటమును కలిసి నడచినవి. నేటి ఉపగ్రహము ఆ గొలుసుపనిని ఊహకందని నైపుణ్యముతో నెరవేర్చుచున్నది. గంటపుపని మాత్రము మిగిలియున్నది.

ఆ పని కష్టసాధ్యమైనది కాదు. భూతలమందలి ప్రతి స్థలమునకును అక్షాంశ రేఖాంశములు గలవు. దశాంశముల అయిదవ స్థానము వరకు వ్రాసినచో సుమారు ఒక మీటరు మేరకు స్థలము నిర్ణయమగును. ప్రతి ఊరికిని, చెరువుకును, గుట్టకును ఆ అంకెలను వ్రాసి, వానిప్రక్కన అచ్చటి వృద్ధులు పలుకు రూపమును తెలుగు లిపిలో, శాసనములందలి రూపమును, కైఫియత్తులందలి రూపమును, పాత ఇంగ్లీషు పట్టికలందలి రూపమును చేర్చి ఉంచవలెను. తెలుగుదేశమున గాని, ఇతర రాష్ట్రములందలి తెలుగు పల్లెలలో గాని, ఒక్కొక్క విద్యార్థి తన మండలమునకు ఈ పని చేసినను, కొన్ని యేండ్లలో గొప్ప నిఘంటువు సమకూరును. అట్లు సమకూరిననాడు ఇంట కూర్చుండి లోకమును చూచువాడు కొండను, ఏటిని, ఊరిని చూచుటతో తృప్తిపడక, వానిని పేరుపెట్టి పిలువగలుగును. ఊరు తప్పినవాని సంతతికి తిరిగి చేరుటకు దారియు దొరకును.