బత్తాయి వేళ్లపై నులిపురుగుల దాడి.. సంకర వేరుమూలాలు ఎంతవరకు రక్షణ?

నల్గొండ, అనంతపురం, కడప జిల్లాల్లో బత్తాయి తోట వేసే రైతు నర్సరీలో ముందుగా చూసేది పైనున్న సాత్‌గుడి రకాన్నే. కానీ తోట ఎన్నేళ్లు నిలుస్తుందనేది చాలావరకు అంటు కింద ఉన్న మరో మొక్కపై ఆధారపడుతుంది. రంగపూర్ నిమ్మ లేదా జంబేరి మొక్కపై సాత్‌గుడి కన్ను అంటు కడతారు. నేలలోని తెగుళ్లను, పురుగులను ఎదుర్కోవలసింది వేరుమూలంగా పిలిచే ఈ కింది మొక్కే.

వాటిలో కంటికి కనిపించని శత్రువు సిట్రస్ నులిపురుగు. 1912లో కాలిఫోర్నియాలో దీన్ని గుర్తించగా, మరుసటి ఏడాది శాస్త్రవేత్త నాథన్ కాబ్ 'టైలెంకులస్ సెమిపెనెట్రాన్స్' అని నామకరణం చేశారు. 'సగం చొచ్చుకుపోయేది' అన్న అర్థం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆడ పురుగు తల భాగాన్ని పీచువేరులోకి దూర్చి, వెనుక భాగాన్ని బయటే ఉంచి జిగురులో గుడ్లు పెడుతుంది. ఆ జిగురుకు మట్టి పట్టేయడంతో సోకిన వేళ్లు కడిగినా మురికిగానే కనిపిస్తాయి. చెట్టు వెంటనే చనిపోదు. ఆకులు చిన్నబడి, కొమ్మలు చివరల నుంచి ఎండుతూ, కాయ సైజు తగ్గుతూ ఏళ్ల తరబడి క్షీణిస్తుంది. దీన్ని పోషక లోపంగా పొరబడి ఎరువులపై ఖర్చు చేయడం సాధారణమే. రంగపూర్ నిమ్మకూ, జంబేరికీ ఈ పురుగును నిలువరించే శక్తి లేదు.

ఆ శక్తి చైనాకు చెందిన మూడాకుల నారింజకు ఉంది. దాని పండు తినడానికి పనికిరాదు, వేళ్లు మాత్రం పురుగును ఎదగనివ్వవు. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ స్వింగిల్ 1907లో ఫ్లోరిడాలో దీన్ని గ్రేప్‌ఫ్రూట్‌తో సంకరపరిచారు. 'స్వింగిల్ సిట్రుమెలో'గా ప్రసిద్ధమైన ఆ వేరుమూలం విడుదలైంది 1974లో. పండ్ల చెట్ల సంకరణకు ఎంత ఓపిక కావాలో ఈ అంతరమే చెబుతుంది.

జాప్యానికి ఒక కారణం విత్తనంలోనే ఉంది. నిమ్మజాతిలో చాలా రకాల గింజల్లో సంకర పిండంతో పాటు తల్లి కణాల నుంచే పుట్టిన పిండాలూ ఉంటాయి. మొలకల్లో అధికం తల్లికి నకళ్లే కావడంతో అసలైన సంకరాన్ని ఏరడం కష్టం. విచిత్రమేమిటంటే, ఎంపిక పూర్తయ్యాక నర్సరీకి ఇదే వరం: గింజ నాటితే దాదాపు ఒకే తీరు మొక్కలు వస్తాయి.

అలాగని విదేశీ సంకరాన్ని తెచ్చి నాటితే సరిపోదు. మూడాకుల నారింజ సంతతి సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుమును సరిగా గ్రహించలేక ఆకులు పసుపుబారుతుంది. రాయలసీమలో అటువంటి నేలలు తక్కువేమీ కావు. దీని నిరోధకతను అధిగమించే నులిపురుగు తెగ కాలిఫోర్నియాలో ఇప్పటికే బయటపడింది. అందువల్ల ఇక్కడి వేరుమూలానికి నులిపురుగుతో పాటు సున్నపు నేలను, నీటి ఎద్దడిని, ఫైటోఫ్తోరా కుళ్లును కూడా తట్టుకునే గుణం కావాలి. రంగపూర్ నిమ్మ నేటికీ వాడుకలో ఉండటానికి కారణం సున్నపు నేలకూ, ఎద్దడికీ అది ఓర్చుకోవడమే.

నిరోధక రకం చేతికి వచ్చేదాకా రైతు చేయగలిగింది నర్సరీ దశలోనే ఉంది. ఈ పురుగు కొత్త తోటకు చేరే ప్రధాన మార్గం మొక్క వేళ్లకు అంటుకున్న మట్టి. పాత బత్తాయి తోట నేలలో నారు పెంచని నర్సరీ నుంచి మొక్కలు తెచ్చుకోవడం, నాటే ముందు పొలం మట్టిని, పీచువేళ్లను పరీక్షకు పంపడం మేలు.