ధనుష్కోటి సాగరతీరం – యాత్రికుల కర్తవ్యం

రామేశ్వర క్షేత్రానికి వెళ్ళే తెలుగు యాత్రికులలో అధికులు అగ్నితీర్థంలో సముద్రస్నానం చేసి, ఆలయ ప్రాకారంలోని 22 తీర్థాలలో స్నానమాడి, శ్రీరామనాథస్వామిని, శ్రీపర్వతవర్ధినీ అమ్మవారిని సేవించుకొని తిరుగు ప్రయాణమవుతారు. కాలవ్యవధి ఉన్నవారు మాత్రమే ధనుష్కోటికి వెళ్తారు. అలా వెళ్ళినవారిలో కూడ చాలమంది అది కేవలం చూడదగిన ప్రదేశమని భావించి, పది నిమిషాలు నిలబడి, ఫోటోలు తీసుకొని వచ్చేస్తారు. వాస్తవానికి సేతుయాత్రలో ‘సేతువు’ అనే మాట ఆ తీరానికే చెందుతుంది. ధనుష్కోటి తీరం ఎటువంటిది, అది నేటికీ నిర్మలంగా ఎట్లు మిగిలినది, దానిని అట్లే ఉంచుటకు యాత్రికులు చేయవలసినది ఏమిటి అనే విషయాలను ఈ వ్యాసంలో తెలిసికొందాము.

వింటి కొస

‘కోటి’ అనే మాట వినగానే మనకు సంఖ్య స్ఫురిస్తుంది. సంస్కృతంలో ఆ పదానికి వింటి కొస అనే అర్థం కూడ ఉన్నది. ధనుష్కోటి అనగా ధనుస్సు యొక్క కొస. రావణసంహారానంతరం విభీషణుని ప్రార్థన మేరకు శ్రీరామచంద్రుడు తన వింటి కొసతో సేతువును ఛేదించిన స్థలమిది అని క్షేత్రమాహాత్మ్యం చెబుతున్నది. స్కాందపురాణంలోని సేతుమాహాత్మ్యం ఈ తీర్థాన్ని విశేషంగా వర్ణించినది.

సేతువు కట్టుటకు ముందు జరిగిన కథను కూడ ఇక్కడ స్మరించుకొనుట ఉచితం. శ్రీరాముడు సముద్రతీరానికి చేరిన వెంటనే విల్లు ఎత్తలేదు. దర్భలు పరచుకొని, మూడు రాత్రులు నియమంతో శయనించి, దారి ఇమ్మని సముద్రుని ప్రార్థించినాడు. సముద్రుడు పలుకకపోవుటచేతనే ఆ తరువాత బాణం సంధించినాడు. రామనాథపురం సమీపంలోని తిరుప్పుల్లాణి క్షేత్రంలో దర్భశయన రాముడు నేటికీ ఆ కథకు సాక్షిగా పూజలందుకొంటున్నాడు. అవతారపురుషుడే ముందు అనుమతి కోరి నిలిచిన తీరమిది. మనము అక్కడ ఎట్లు మెలగవలెనో నేర్పుటకు ఇంతకంటె వేరు ఉదాహరణ అవసరం లేదు.

రెండు సముద్రాల నడుమ ఇసుక దారి

రామేశ్వరం పాంబన్ ద్వీపంలో ఉన్నది. ప్రధాన భూభాగం నుండి ద్వీపానికి 1914లో రైలు వంతెన, 1988లో రోడ్డు వంతెన ఏర్పడినవి. పాత రైలు వంతెన స్థానంలో నిర్మించిన క్రొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభమైనది.

రామేశ్వరం నుండి ఆగ్నేయ దిశగా ద్వీపం క్రమంగా సన్నబడి, వేలువలె సముద్రంలోకి చొచ్చుకొనిపోతుంది. దాని చివరి అంచు అరిచల్‌మునై. తమిళంలోని ‘మునై’ మన తెలుగు ‘మొన’యే. రామేశ్వరం నుండి అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. దారిలో శ్రీకోదండరామస్వామి ఆలయం కలదు. విభీషణుడు శ్రీరాముని శరణు వేడినదీ, పట్టాభిషిక్తుడైనదీ ఇక్కడనే అని స్థలపురాణం. ఆ ఆలయం దాటిన తరువాత రెండువైపులా నీరు, నడుమ ఇసుక, దానిపై దారి, అంతే. 2017లో రోడ్డు ప్రారంభమగునంతవరకు యాత్రికులు చివరి కొన్ని కిలోమీటర్లు ఇసుకలో నడిచి గాని, జీపులలో గాని, చేపల వ్యానులలో గాని వెళ్ళేవారు.

మొన వద్ద నిలిచి చూచినచో రెండు సముద్రాల స్వభావభేదం కంటికే తెలుస్తుంది. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఒకవైపు నీరు చెరువువలె నిలిచి ఉండగా, మరొకవైపు అలలు ఇసుకను కోస్తూ ఉంటాయి. మన పెద్దలు వీనిని మహోదధి, రత్నాకరము అని పిలిచి, రెండింటి కలయికను సంగమతీర్థంగా భావించినారు. స్థానిక మత్స్యకారులు శాంతంగా ఉండే ఉత్తరపు నీటిని ఆడ సముద్రమనీ, దక్షిణపు నీటిని మగ సముద్రమనీ అంటారు. అయితే ఈ స్వభావం ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. నైఋతి గాలుల కాలంలో దక్షిణ సముద్రం పొంగితే, ఈశాన్య ఋతుపవనాల కాలంలో ఉత్తర సముద్రం ఉగ్రమవుతుంది. మొన నుండి శ్రీలంకలోని తలైమన్నార్ వరకు దాదాపు 30 కిలోమీటర్ల మేర సాగిన ఇసుక తిన్నెల వరుసనే మనము రామసేతువుగా సేవిస్తున్నాము.

ఒక్క రాత్రిలో శూన్యమైన పట్టణం

ఈ తీరం నేడు నిర్జనంగా, నిర్మలంగా కనిపించుటకు కారణం విషాదకరమైనది. ఒకప్పుడు ఇది జనసమృద్ధమైన పట్టణం. 1914 నుండి మద్రాసులో రైలెక్కినవారు ధనుష్కోటిలో దిగి, స్టీమరులో తలైమన్నార్ చేరి, అక్కడ మరల రైలెక్కి కొలంబో వెళ్ళేవారు. ‘బోట్ మెయిల్’ అని ఆ ప్రయాణానికి పేరు. రైల్వే స్టేషను, తపాలా కార్యాలయం, పాఠశాల, చర్చి, దేవాలయం, సత్రాలు ఉండేవి.

1964 డిసెంబరు 22, 23 తేదీల నడిమి రాత్రి వచ్చిన పెనుతుపాను ఆ పట్టణాన్ని తుడిచివేసినది. పాంబన్ నుండి బయలుదేరిన ప్యాసింజరు రైలు ధనుష్కోటికి చేరువలోనే ఉప్పెనకు చిక్కి, అందులోని వందమందికి పైగా ప్రయాణికులతో సహా సముద్రం పాలైనది. పట్టణంలోను, పరిసరాలలోను ప్రాణనష్టం ఇంకను ఎన్నో రెట్లు అధికం. ప్రభుత్వం ఆ స్థలాన్ని నివాసయోగ్యం కాదని ప్రకటించినది. ఆ శాఖ రైలుమార్గాన్ని మరల వేయలేదు. చర్చి గోడలు, స్టేషను శిథిలాలు నేటికీ ఇసుకలో నిలిచి ఉన్నవి. శ్రీకోదండరామాలయం మాత్రం ఆ తుపానుకు తట్టుకొని నిలిచినది.

కావున ఆ శిథిలాల వద్ద యాత్రికులు కేకలు వేయుట, గోడలపై పేర్లు చెక్కుట తగని పని. అది ఎందరో ఒక్కసారిగా ప్రాణాలు విడిచిన నేల. ఒక నిమిషం మౌనంగా నిలిచి, వారి సద్గతికై శ్రీరామనాథుని ప్రార్థించి ముందుకు సాగుట మన ధర్మం.

ఇసుక క్రింది తియ్యని నీరు

పట్టణం పోయినను, మత్స్యకార కుటుంబాలు తాటాకు గుడిసెలలో ఆ ఇసుకపైననే జీవిస్తున్నవి. రెండువైపులా ఉప్పు సముద్రం ఉండగా వారికి త్రాగునీరు ఎక్కడిది అనే సందేహం సహజం. వారు ఇసుకలో కొద్ది అడుగుల గుంట త్రవ్వుతారు. అందులో తియ్యని నీరు ఊరుతుంది. చూచిన యాత్రికులు దీనిని దైవలీల అని చేతులు జోడిస్తారు. ఆ లీల ఏ విధంగా జరుగుతున్నదో తెలిసికొన్నచో భక్తి తగ్గదు, బాధ్యత పెరుగుతుంది.

వర్షాకాలంలో కురిసిన నీరు ఇసుకలోకి ఇంకుతుంది. వేయి లీటర్ల మంచినీరు వేయి కిలోలు తూగితే, అంతే పరిమాణం గల సముద్రపు నీరు సుమారు 1025 కిలోలు తూగుతుంది. ఈ స్వల్ప భేదం వలన వాననీరు, క్రింద ఉన్న ఉప్పునీటిపై తేలి నిలుస్తుంది. ఇసుక రేణువుల నడుమ నీరు మెల్లగా కదులుటచేత రెండును త్వరగా కలిసిపోవు. ఇట్లు ఇసుక కడుపులో పలుచని మంచినీటి పొర ఏర్పడుతుంది. ఆ పొరయే అక్కడివారికి ప్రాణాధారం.

దీనినిబట్టి ఒక విషయం గ్రహించవలెను. ఆ నీటికి పైన రాతి కప్పు లేదు, మట్టి పొర లేదు. వాన ఏ దారిన లోనికి దిగినదో, మాలిన్యం కూడ అదే దారిన దిగుతుంది. తీరంలో మలమూత్ర విసర్జన చేసినను, ఎంగిలి పదార్థాలు పూడ్చినను, సబ్బునీరు పారబోసినను అది ఆ గుంటలోని నీటినే చేరుతుంది. ఆలయ ప్రాకారంలోని 22 తీర్థాలలో ఉమ్మివేయుటకు ఏ భక్తుడైనను సాహసించడు. ఈ ఇసుక గుంట కూడ ఒక తీర్థమే. పేదవాని ఇంటి తీర్థం.

తీరంలో మన తోటి ప్రాణులు

మన్నార్ సింధుశాఖలో రామేశ్వరానికి, తూత్తుకుడికి నడుమ ఉన్న 21 చిన్న దీవుల సమూహాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించినారు. పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మైదానాలు, ఆ గడ్డిని మేసి బ్రతికే సముద్రపు ఆవులు ఈ నీటిలో ఉన్నవి. శీతకాలంలో ధనుష్కోటి లోతులేని నీళ్ళలో రాజహంసలు గుంపులుగా దిగుతాయి. వాని రక్షణకై 2025లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ అభయారణ్యాన్ని ప్రకటించినది. ఏటా తొలి మాసాలలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుకలో గ్రుడ్లు పెడతాయి. అదే జాతి తాబేళ్ళు మన శ్రీకాకుళం, కాకినాడ, కృష్ణా తీరాలకు కూడ వస్తాయి. శ్రీకూర్మంలో కూర్మనాథుని కొలిచే మనకు ఆ ప్రాణి పరాయిది కాదు. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచి తాబేలుకు జెల్లి చేపవలె కనిపిస్తుంది. మ్రింగిన తాబేలుకు ప్రాణాపాయం కలుగవచ్చును.

ఇసుక తిన్నెలపై పదునైన మొనలతో గుబురుగా పెరిగే గడ్డిని తీరవాసులు రావణుని మీసం అంటారు. ఆ గడ్డి, ఊదారంగు పూలతో ప్రాకే తీగ, ఇవి రెండును ఇసుకను పట్టి ఉంచి గాలికి ఎగిరిపోకుండా కాపాడుతాయి. ఆ తిన్నెలే ఉప్పెనకు మొదటి అడ్డు. వానిని త్రొక్కి పెరికివేయుట గోడలోని ఇటుకలు ఊడదీయుట వంటిది.

యాత్రికులు గమనించవలసిన విషయాలు

తెల్లవారుజామున బయలుదేరి, సూర్యోదయ సమయానికి తీరం చేరుట ఉత్తమం. మధ్యాహ్నం ఇసుక కాలును నిలువనీయదు. నీడనిచ్చే చెట్లు లేవు. వృద్ధులు, పసిపిల్లలు వెంట ఉన్నవారు గొడుగు, తగినంత త్రాగునీరు తీసికొని వెళ్ళవలెను. అక్కడ రాత్రి బస లేదు. చీకటి పడుటకు ముందే తిరిగి రావలెను.

మొన వద్ద ప్రవాహాలు బలమైనవి. పైకి శాంతంగా కనిపించే నీరు కూడ క్షణంలో కాలిక్రింది ఇసుకను లాగివేస్తుంది. రక్షకభటులు వారించిన చోట దిగరాదు. స్నానం వీలుకానప్పుడు దోసిట నీరు తీసికొని సంకల్పపూర్వకంగా ప్రోక్షించుకొన్నను చాలును. స్నానవిధిని అగ్నితీర్థంలో ఆచరించవచ్చును.

పితృతర్పణాలు చేసేవారు వాడే నువ్వులు, దర్భ, జలం సముద్రానికి భారం కావు. వానిని తెచ్చిన ప్లాస్టిక్ సంచి భారం. స్నానం చేసిన బట్టలను సముద్రంలో విడుచుట కొందరికి అలవాటుగా మారినది. ఆ బట్టలు పగడాలకు, సముద్రపు గడ్డికి చుట్టుకొని వానిని ఊపిరాడకుండ చేస్తాయి, వలలకు చిక్కి మత్స్యకారుల శ్రమను వృథా చేస్తాయి. తడిబట్టను పిండి ఇంటికి తెచ్చుకొనుటలో దోషం లేదు. వస్త్రత్యాగమే చేయదలచినచో, క్రొత్త వస్త్రాన్ని ఒక పేదవానికి దానం చేయుట మేలు.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకొనుట, కొనుట కూడ మానవలెను. పగడాలకు, సముద్రపు దోసకాయలకు, కొన్ని జాతుల శంఖాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ ఉన్నది. తెలియక కొన్నను అది నేరమే. ఇసుక విషయంలో మాత్రం సంప్రదాయం ఒక మినహాయింపునిచ్చినది. సేతువు ఇసుకను తీసికొని పూజించి, ప్రయాగలో త్రివేణికి సమర్పించి, అక్కడి గంగాజలంతో శ్రీరామనాథుని అభిషేకించుట కాశీ రామేశ్వర యాత్రలోని ఆచారం. దానికి పిడికెడు ఇసుక చాలును. ఆ పిడికెడు కూడ మన సొత్తు కాదు, గంగకు చేర్చవలసిన సొమ్ము.

దాతలకు ఒక మనవి. క్షేత్రాలలో అన్నదానం, జలదానం చేయు పుణ్యాత్ములు విస్తరాకులను, స్టీలు గ్లాసులను ఏర్పాటు చేసినచో ఆ దానఫలం పరిపూర్ణమవుతుంది. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులను తమిళనాడులో 2019 జనవరి 1 నుండి నిషేధించినారు. యాత్రా బృందాలకు నాయకత్వం వహించేవారు బస్సులో ఒక గోనెసంచి ఉంచి, తమవారి చెత్తను తామే తిరిగి తెచ్చినచో, అది వారు చేసిన తీర్థసేవయే.

తీర్థమనే మాటకు రేవు, దాటించే చోటు అని అర్థం. 1897 జనవరిలో స్వామి వివేకానంద సింహళం నుండి సముద్రం దాటి పాంబన్ వద్దనే మాతృభూమిపై అడుగుపెట్టినారు. మరునాడు రామేశ్వరాలయంలో నిజమైన ఆరాధన అనే విషయంపై ప్రసంగించినారు. అంతఃకరణ శుద్ధి, పరులకు మేలు చేయుట అనే రెండింటిలోనే పూజ యొక్క సారమంతయు ఉన్నదని ఆ ప్రసంగ తాత్పర్యం. ధనుష్కోటి ఇసుకలో ఒక మత్స్యకారుని ఇల్లాలు రేపు ఉదయం బిందెతో గుంట వద్దకు వచ్చేసరికి, నిన్న మనము అక్కడికి వచ్చి వెళ్ళిన జాడ ఆ నీటిలో ఉండరాదు. ఆ జాగ్రత్త వహించిన యాత్రికుని సేతుదర్శనం సఫలమైనట్లే.

శ్రీరామనాథస్వామి అనుగ్రహం సర్వులకు కలుగుగాక!