ముద్రణ వరుస పరిశీలన

ముద్రణ వరుస లేదా ప్రింట్ క్యూ అనగా ప్రింటరుకు పంపిన పత్రములు తమ వంతు కొరకు వేచియుండు జాబితా. ప్రింటరు ఒకసారికి ఒక పత్రమును మాత్రమే ముద్రించును. తక్కినవి అంతవరకు కంప్యూటరు డిస్కుపై నిలువ ఉండును. దీనిని స్పూలింగ్ అందురు. యూనిక్స్, లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో కమాండ్ లైను నుండి ఆదేశములు టైపు చేసి ఈ వరుసను చూడవచ్చును.

అవసరము

కాశీబుగ్గలోని ఒక నెట్ సెంటరులో నాలుగు కంప్యూటర్లకు ఒకే ప్రింటరు ఉన్నదనుకుందాము. హాల్ టికెట్ కొరకు వచ్చిన విద్యార్థి, ప్రింటరు కదలనందున ప్రింట్ ఆదేశమును మరల మరల ఇచ్చును. ఇచ్చిన ప్రతిసారి వరుసలో మరొక ప్రతి చేరును. అడ్డంకి తొలగగానే అన్నియు వెలువడి కాగితము వృథా అగును. ఫొటో, పుట్టినతేదీ గల పత్రము పరుల చేత పడవచ్చును. ముందుగా వరుసను చూచినచో ఈ ఇబ్బంది తప్పును.

చరిత్ర

ఎల్‌పీక్యూ ఆదేశము బీఎస్‌డీ యూనిక్స్ ముద్రణ వ్యవస్థకు చెందినది. ఆ వ్యవస్థ వాడు నియమావళి 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1179గా వెలువడినది. మైఖేల్ స్వీట్ రూపొందించిన కప్స్ అను ముద్రణ వ్యవస్థ 1999లో విడుదలైనది. పాత ఆదేశములు అందును పనిచేయును. 2007లో ఆపిల్ సంస్థ కప్స్‌ను కొనుగోలు చేసినది.

ముఖ్య ఆదేశములు

వీటిని ఆంగ్లములో చిన్న అక్షరములతో టైపు చేయవలెను.

* ఎల్‌పీక్యూ: వంతు, పంపినవారి పేరు, పని సంఖ్య, ఫైలు పేరు, పరిమాణము చూపును. ముద్రణలో ఉన్న పనికి 'యాక్టివ్' అనియు, వరుస ఖాళీగా ఉన్న 'నో ఎంట్రీస్' అనియు వచ్చును.
* ఎల్‌పీక్యూ తరువాత ఖాళీ విడిచి హైఫన్, 'ఏ' అక్షరము చేర్చిన అన్ని ప్రింటర్ల వరుసలు కనబడును. ప్లస్ గుర్తు, 5 అంకె చేర్చిన వరుస ఖాళీ అగువరకు 5 సెకన్లకొకసారి చూపును.
* ఎల్‌పీస్టాట్, హైఫన్, 'పీ': ప్రింటరు పనిచేయుచున్నదో, ఆపివేయబడినదో తెలుపును.
* ఎల్‌పీఆర్‌ఎమ్, పని సంఖ్య: ఆ పనిని వరుస నుండి తొలగించును.

విండోస్ 8, ఆ తరువాతి విండోస్‌లలో పవర్‌షెల్ నందు గెట్-ప్రింట్‌జాబ్ ఆదేశమునకు ప్రింటరు పేరు జోడించి వరుసను చూడవచ్చును.

ఫలితమును అర్థము చేసుకొనుట

ప్రింటరు 'డిసేబుల్డ్' అని ఉన్నను కొత్త పనులు వరుసలో చేరుచునే ఉండవచ్చును, ముద్రణ మాత్రము జరుగదు. కాగితము ఇరుకుట వంటి కారణమును సరిచేసి, తగిన అనుమతి గలవారు కప్స్‌ఎనేబుల్ ఆదేశమునకు ప్రింటరు పేరు చేర్చి దానిని తిరిగి నడిపింపవచ్చును. వరుస ఖాళీ అయినంత మాత్రమున కాగితము బయటకు వచ్చినదని చెప్పరాదు. పని ప్రింటరు సొంత మెమొరీకి చేరియుండవచ్చును.

విద్యుత్ అంతరాయము

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానము ప్రాంతములో విద్యుత్ సరఫరా నిలిచిపోయినది. ఇట్టి అంతరాయములలో డిస్కుపై ఉన్న ముద్రణ పనులు సాధారణముగా చెరిగిపోవు. కరెంటు వచ్చి కంప్యూటరు తిరిగి మొదలైన పిదప అవి ఎవరును లేని వేళ వెలువడవచ్చును. కావున ప్రింటరును ఆన్ చేయుటకు ముందే వరుసను చూచి, అక్కరలేని పనులను తొలగించుట మంచిది.